580 కిలోబైట్ల సంగతి: పాత వర్క్‌స్టేషన్‌పై బూట్‌లోడర్ పరీక్షలు

సభకు నమస్కారం.

బల్ల మీద ఉన్న ఈ నల్లని ఇనుప డబ్బాను చూసి, ఇది మైకు సెట్టుకు సంబంధించినదేమోనని ఇందాక ఒకరు అడిగారు. ఇది కంప్యూటరే. 2009 ప్రాంతపు వర్క్‌స్టేషన్. లోపల రెండు జియాన్ ప్రాసెసర్లు, ఆరు ర్యామ్ స్టిక్కులు, పలు డిస్కులను కలిపి నడిపే ఒక రెయిడ్ కార్డు, వెనుకవైపు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉన్నాయి. ఏదో కార్యాలయంలో డిజైన్ ఇంజనీర్ల కింద కొన్నేళ్లు పనిచేసి, లీజు ముగిశాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు చేరింది. అక్కడ నేను కొన్నాను. ఇరవై కిలోల బరువున్న ఈ పెట్టెను ఆర్టీసీ బస్సులో నల్గొండకు తెస్తుంటే, కండక్టరు దీనికి లగేజీ టికెట్ కొట్టి, "సారూ, ఇండ్ల బియ్యమున్నయా?" అని అడిగాడు.

ముగ్గురు విద్యార్థులతో కలిసి ఏడాదిన్నరగా నేను ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను. అది ప్రయోగం మాత్రమే, దానికింకా పేరు కూడా పెట్టలేదు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి కాదు, దాన్ని డిస్కు నుంచి మెమరీలోకి తెచ్చి నిలబెట్టే బూట్‌లోడర్ గురించి, ఈ పాత యంత్రం మీద దాన్ని పరీక్షించినప్పుడు మాకు ఎదురైన సంగతుల గురించి. మన ఊళ్లలో చెరువు కింద పొలాలకు నీళ్లు వదిలే నీరటిని మీలో చాలామంది ఎరుగుదురు. తూము తెరిచేది అతనే, ఏ కాలువకు ఎంత పారించాలో తెలిసినదీ అతనికే. పంట ఇంటికి చేరిన తరువాత మాత్రం అతని ఊసు ఎవరూ ఎత్తరు. బూట్‌లోడర్‌ది సరిగ్గా ఆ కొలువే. అది సవ్యంగా పనిచేసినంతకాలం అటువంటిది ఒకటి ఉందని కూడా వాడేవారికి తెలియదు.

దాని పని ఏమిటో క్లుప్తంగా చెబుతాను. స్విచ్ వేసిన క్షణాన, ఎంత కొత్త ఇంటెల్ ప్రాసెసరైనా, 1978 నాటి 8086 మాదిరిగా పదహారు బిట్ల రియల్ మోడ్‌లోనే నిద్ర లేస్తుంది. బయోస్ అనే ప్రోగ్రాము పరికరాలన్నింటినీ తడిమి చూసుకుని, బూట్ చేయవలసిన డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అంటే 512 బైట్లను, మెమరీలో 7సి00 అనే చిరునామాకు తెస్తుంది. ఆ సెక్టారు చివరి రెండు బైట్లు 55, ఏఏ అయితే చాలు, లోపల ఏముందో చూడకుండా పగ్గాలు దానికి అప్పజెబుతుంది. నేను చెప్పే చిరునామాలన్నీ హెక్సాడెసిమల్, అంటే పదహారు ఆధారంగా లెక్కించే, అంకెలలో ఉంటాయని గుర్తుంచుకోండి. మొదటి సెక్టారును 7సి00కు తెచ్చి పగ్గాలు అప్పజెప్పే ఈ ఒడంబడిక 1981లో వచ్చిన ఐబీఎం పీసీతో మొదలైంది. హార్డ్ డిస్కు విషయంలో ఆ 512 బైట్లలో 64 పార్టిషన్ పట్టికకు, 2 ఆ 55, ఏఏ అనే సంతకానికి పోగా, మనకు మిగిలేది 446 బైట్లు. ఆ కాస్త జాగాలో ఇమిడిన ప్రోగ్రాము తనకంటే పెద్దదైన రెండవ దశను డిస్కు నుంచి చదవాలి. ఆ రెండవ దశ మెమరీ ఎంత ఉందో, ఎక్కడెక్కడ ఉందో విచారించి, మెమరీ చిరునామాలను ప్రాసెసర్‌కు చూపే పేజ్ టేబుళ్లు కట్టి, ప్రాసెసర్‌ను అరవై నాలుగు బిట్ల స్థితికి ఎక్కించి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌లోకి దూకాలి.

ఇదంతా ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటరులా నటించే ప్రోగ్రాములో, చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మేమూ మొదట క్యూఎమూ అనే ఎమ్యులేటర్‌లోనే చేశాం, ఇప్పటికీ రోజువారీ పని అందులోనే. అయితే క్యూఎమూలో మామూలుగా ఉండే బయోస్ ఒక్కటే, దాని పేరు సీబయోస్. అది శుభ్రంగా రాసిన, మర్యాదస్తురాలైన బయోస్. దాని ముందు నెగ్గామంటే ఒక్క బయోస్ ముందు నెగ్గినట్టే. అసలు యంత్రాలలో ఉండే బయోస్‌లు ఎవరెవరో ఎప్పుడెప్పుడో రాసినవి, ఒక్కోదానికి ఒక్కో అలవాటు. ఇంటెల్ సంస్థ పాత బయోస్ మద్దతును 2020 నాటికి తొలగిస్తామని 2017లోనే ప్రకటించింది, కొత్త యంత్రాలన్నీ బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ దారిలో నడుస్తున్నాయి. అటువంటప్పుడు ఈ పాత కాలువలో దిగడం ఎందుకని మా విద్యార్థుల్లో ఒకరు నాతో చాలారోజులు వాదించాడు. నా జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. బయోస్ మనకు ఇచ్చే హామీలు చాలా తక్కువ. అందువల్ల మనం ఏది తెలిసి చేస్తున్నామో, ఏది ఊరికే నమ్మి చేస్తున్నామో అక్కడ తేటతెల్లంగా బయటపడుతుంది. పైగా ఈ యంత్రం పాడైతే నాకు పోయేది కొద్ది వేలు, విద్యార్థి లాప్‌టాప్ పాడైతే పోయేది వాళ్ల నాన్న కష్టం.

పరీక్ష మొదలుపెట్టేముందు చేసిన ఏర్పాట్లలో రెండింటిని గురించి చెప్పాలి. మొదటిది కరెంటు. మొదటి వారమంతా ఈ యంత్రం ఎప్పుడు పడితే అప్పుడు దానంతట అదే తిరిగి మొదలయ్యేది. బూట్‌లోడర్ రాసేవారికి ఇటువంటి రీసెట్ అనగానే గుర్తుకొచ్చేది ట్రిపుల్ ఫాల్ట్. ప్రాసెసర్ ఒక తప్పును సరిదిద్దబోయి రెండో తప్పులో పడి, దానిని సరిదిద్దబోయి మూడోదానిలో పడితే, ఇక చేసేదేమీ లేక యంత్రం రీసెట్ అవుతుంది. మేము మా కోడును వరుసవెంబడి జల్లెడ పట్టాం, ఏమీ దొరకలేదు. ఒక సాయంత్రం గదిలో లైటు ఒక్కసారి మినుకుమన్న క్షణంలోనే యంత్రం కూడా తిరిగి మొదలవడం కళ్లారా చూశాం. ఇంట్లో ఉన్నది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు. ఇటువంటి యంత్రాల పవర్ సప్లైలలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే ఏర్పాటు ఉంటుంది, వాటిలో చాలావాటికి సైన్ వేవ్ కాని కరెంటు గిట్టదు. లైన్ కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే రెప్పపాటులో మా యంత్రం పడిపోతున్నది. వారం రోజులు మేము వెతికిన ట్రిపుల్ ఫాల్ట్ మా కోడులో లేదు, మా వీధి ట్రాన్స్‌ఫార్మరులో ఉంది. అప్పటినుంచి మా పరీక్షల నోటుపుస్తకంలో "కరెంటు" అనే గడి ఒకటి చేరింది.

రెండవది సీరియల్ తీగ. తెర మీద అక్షరాలు కనిపించడమంటే వీడియో కార్డు, దాని బయోస్ అన్నీ సక్రమంగా ఉండాలి. బూట్‌లోడర్ చచ్చేటప్పుడు తెర కూడా దానితోపాటే చస్తుంది. సీరియల్ పోర్టు అలా కాదు. 3ఎఫ్8 అనే పోర్టుకు ఒక బైటు పంపితే, అది తీగ గుండా అవతలి కంప్యూటరుకు చేరి, ఈ యంత్రం పోయినా అక్కడ మిగిలి ఉంటుంది. అయితే ఒక కంప్యూటరును ఇంకో కంప్యూటరుకు కలపాలంటే రెండో పిన్నును మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చి కలిపిన తీగ కావాలి. ఐదోది గ్రౌండు, అది నేరుగా వెళుతుంది. ప్రకాశం బజారులో టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లి బొమ్మ గీసి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, "ఎన్కట మోడెములకు చేసిస్తుంటిమి సార్ ఇసోంటియి, ఇప్పుడెవ్వలు అడుగుతలేరు" అని, పది నిమిషాలలో టంకం వేసి చేతిలో పెట్టారు. 115200 వేగంలో ఆ తీగ నాకు ఒక్క అక్షరమూ తప్పు చూపలేదు.

ఇంకొక మాట. పరీక్షించే యంత్రంలో పనికొచ్చే డిస్కు ఏదీ ఉంచకండి. మా బూట్‌లోడర్ డిస్కు మీద ఏమీ రాయదు. అయినా, రాయని ప్రోగ్రాము పొరపాటున రాయగలదు. ఒక పాత 80 గిగాబైట్ల డిస్కు తప్ప అన్నీ పీకి పక్కన పెట్టాం.

ఇక తప్పుల దగ్గరకు వద్దాం. మొట్టమొదటిది పెన్ డ్రైవ్‌తో వచ్చింది. ఎమ్యులేటర్‌లో పనిచేసిన అదే బూట్‌లోడర్‌ను హార్డ్ డిస్కు మీద పెడితే ఈ యంత్రం బూట్ అయింది, పెన్ డ్రైవ్ మీద పెడితే నల్లని తెర. మొదటి ఆదేశం దగ్గరే "అ" అనే గుర్తుగా ఒక అక్షరాన్ని సీరియల్‌కు పంపమని రాశాం, అది వచ్చింది. ఇంకో నాలుగు వరుసల తరువాత రెండో అక్షరం పంపమన్నాం, అది రాలేదు. అప్పుడు 7సి00 నుంచి ఉన్న 512 బైట్లను అలాగే సీరియల్ తీగకు పంపించి, మా ఫైలుతో పక్కపక్కన పెట్టి చూశాం. 24వ బైటు దగ్గర మేము రాయని అంకెలు కొన్ని ఉన్నాయి! ఆ బైట్ల చోట డాస్ కాలం నుంచి డిస్కు కొలతలు రాసుకునే ఆనవాయితీ ఉంది, దాన్ని బయోస్ పారామీటర్ బ్లాక్ అంటారు. కొన్ని బయోస్‌లు పెన్ డ్రైవ్‌ను హార్డ్ డిస్కులా నటింపజేసేటప్పుడు, తాము ఊహించుకున్న కొలతలను మెమరీలోని ఆ చోట తామే నింపేస్తాయి. అక్కడ కొలతల పట్టిక కాక మా కోడు ఉంటే దాని మీదే రాసేస్తాయి. మందు సులభం: మొదటి మూడు బైట్లలో ఒక దూకుడు ఆదేశం, తరువాత 87 బైట్లు ఖాళీ, ఆపైన కోడు. ఉన్న 446లో 90 అలా పోయాయి. మిగిలిన దానిలో సర్దుకోవడానికి మాకు రెండు రాత్రులు పట్టింది.

ఇప్పుడు ఈ ప్రసంగానికి పేరు తెచ్చిన తప్పు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే దీనికి మేము పదకొండు రోజులు ఇచ్చుకున్నాం.

మా రెండవ దశ ముందు కెర్నల్‌లోని మొదటి భాగాన్ని డిస్కు నుంచి చదివి, ఆ భాగంలోని కొలతలు చూసుకుని పేజ్ టేబుళ్లు కట్టి, ఆ తరువాత మిగిలిన కెర్నల్‌ను చదివేది. ఎమ్యులేటర్‌లో వేలసార్లు నడిచింది. ఈ యంత్రం మీద మొదటి భాగం చదవడం పూర్తయ్యేది, టేబుళ్లు కట్టినట్టు సీరియల్‌లో కనిపించేది, రెండోసారి డిస్కు చదవమని బయోస్‌ను ఇంటరప్ట్ 13 అనే పిలుపు ద్వారా అడిగిన వెంటనే అంతా నిలిచిపోయేది. తప్పు సంకేతం లేదు, రీసెట్ లేదు, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. డిస్కు మారిస్తే అదే తంతు. కేబుల్ మారిస్తే అదే తంతు. రెయిడ్ కార్డును తీసేసి, డిస్కును బోర్డుకే నేరుగా తగిలిస్తే మాత్రం బ్రహ్మాండంగా బూట్ అయింది. మా పిల్లలు వెంటనే తీర్పు చెప్పారు: "కార్డు ఖరాబైంది సార్." ఆ కార్డును వేరే కంప్యూటరులో పెట్టి చూస్తే, దాని మీద లినక్స్ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

మన పానగల్లులో కుందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం మీరందరూ చూసే ఉంటారు. గర్భగుడిలో లింగం వెనుక ఒక స్తంభపు నీడ పొద్దుటినుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలుస్తుంది, బయట స్తంభాలేమో చాలా ఉన్నాయి. నీడ కనిపించిన చోట స్తంభాన్ని వెతికేవాడికి అది దొరకదు. మా సంగతి అలాగే అయింది. యంత్రం నిలిచిపోతున్నది డిస్కు చదివేచోట, అందువల్ల మేము పదిరోజులు డిస్కు చుట్టూనే తిరిగాం. పదకొండో రోజున ఒక అమ్మాయి, పేజ్ టేబుళ్లు కట్టే వరుసలను పూర్తిగా తీసేసి నడిపింది. రెండోసారి డిస్కు చదవడం పూర్తయింది. అంటే డిస్కును చంపుతున్నది పేజ్ టేబుళ్లు.

మేము పేజ్ టేబుళ్లను 90000 నుంచి 93ఎఫ్ఎఫ్ఎఫ్ దాకా, అంటే పదహారు కిలోబైట్ల మేర, పెట్టుకున్నాం. 640 కిలోబైట్ల కింది మెమరీలో పైకొసన ఉన్న ఖాళీ జాగా అది, ఎందరో అలాగే చేస్తారు. ఆ కొసన బయోస్ తన సొంత లెక్కల కోసం కొంత చోటు దాచుకుంటుంది, దాన్ని విస్తరించిన బయోస్ డేటా ప్రాంతం అంటారు. ఎమ్యులేటర్‌లో ఆ చోటు ఒక్క కిలోబైటు. ఇంటరప్ట్ 12తో "ఎంత మెమరీ వాడుకోవచ్చు?" అని అడిగితే అది 639 అని చెబుతుంది, అంటే 9ఎఫ్‌సి00 వరకు మనదే. ఈ యంత్రాన్ని మేము అంతవరకు ఆ ప్రశ్న అడగనే లేదు. ఆ రోజు అడిగాం. సీరియల్‌లో 580 అని వచ్చింది. 580 కిలోబైట్లంటే 91000. రెయిడ్ కార్డు మీద ఉండే ఆప్షన్ రోమ్ అనే చిన్న ప్రోగ్రాము, బయోస్‌లోని ఇంటరప్ట్ 13ను తన వైపు తిప్పుకుని, తన లెక్కల కోసం ఆ కొస నుంచి మరింత చోటును మర్యాదగా అడిగి తీసుకుంది. తీసుకున్నట్టు 413 చిరునామాలో ఉండే అంకెను తగ్గించి, అందరికీ తెలిసేలా పెట్టింది కూడా. మేము చూడలేదు. మా నాలుగు టేబుళ్లలో మూడు దాని చోటులోనే కట్టాం. తన లెక్కలు చెరిగిపోయిన కార్డు, తరువాతిసారి డిస్కు చదవమంటే ఎక్కడికో వెళ్లి తిరిగి రాలేదు. ఇతరుల చెలకలో గెట్టు దాటి నాగలి దున్నింది మేము, పది రోజులు తిట్టింది చెలక యజమానిని.

ఇప్పుడు ఆ టేబుళ్లు 1000 నుంచి 4ఎఫ్ఎఫ్ఎఫ్ దాకా ఉన్నాయి. 500 నుంచి 7బిఎఫ్ఎఫ్ వరకు ఉన్న చోటు జోలికి బయోస్ రాదు. అంతేకాక, మొట్టమొదటనే ఇంటరప్ట్ 12ను అడిగి, వచ్చిన అంకెను సీరియల్‌కు రాసిన తరువాతే మా రెండవ దశ మరొక పని మొదలుపెడుతుంది.

తరువాతిది చిన్న తప్పే, కానీ మమ్మల్ని నవ్వించింది. కెర్నల్‌లో ఒక మార్పు చేసి, వెర్షన్ సంఖ్యను 41 నుంచి 42 చేసి, డిస్కులో పెట్టి, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కాం. తెర మీద 41. డిస్కును తిరిగి చూస్తే 42 ఉంది. మళ్లీ నొక్కితే మళ్లీ 41. విసిగిపోయి స్విచ్ ఆపి, వేస్తే 42! మెమరీలో "కెర్నల్ వచ్చేసింది" అని గుర్తు పెట్టుకునే ఒక చలరాశిని మేము సున్నాతో మొదలుపెట్టడం మరిచాం. ఎమ్యులేటర్‌ను ప్రతిసారీ కొత్తగా తెరుస్తాం కాబట్టి మెమరీ అంతా సున్నాలే. ఈ యంత్రంలో ఉన్నవి తప్పులను సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్ స్టిక్కులు, చల్లగా, అంటే స్విచ్ వేసి, మొదలైనప్పుడు బయోస్ ఆ మెమరీ అంతటా ఒకసారి రాసి సిద్ధం చేయాలి కాబట్టి అప్పుడూ మాకు సున్నాలే దొరికాయి. కానీ ఆ మూడు మీటలు నొక్కి రీసెట్ చేస్తే, 472 చిరునామాలో 1234 అనే సంఖ్య పడి, "మెమరీ పరీక్ష వద్దు, తొందరగా కానివ్వు" అని బయోస్‌కు సూచన వెళుతుంది. పాత మెమరీ పాతగానే మిగులుతుంది. మా బూట్‌లోడర్ నిన్నటి గుర్తును చూసుకుని, కెర్నల్ ఇప్పటికే వచ్చిందనుకుని, మెమరీలో మిగిలిన పాత కెర్నల్‌లోకే దూకుతున్నది. నిజానికి అది చనిపోకుండా అంత చక్కగా నడవడమే వింత. అప్పటినుంచి ప్రతి పరీక్షనూ రెండుసార్లు చేస్తున్నాం, ఒకసారి స్విచ్ ఆపి అర నిమిషం ఆగి, ఒకసారి మీటలతో.

మిగిలినవాటిని వేగంగా దాటేస్తాను. మెమరీ పటం కోసం ఇ820 పిలుపు చేస్తే, వరుసలు చిరునామాల క్రమంలో వస్తాయన్న హామీ లేదు, మనమే సర్దుకోవాలి. ఒకేసారి 127 సెక్టార్లకు మించి చదవమని అడిగితే కాదనే బయోస్‌లు ఉన్నాయి కాబట్టి 64 చొప్పున అడగండి. ఏ20 గేటు సంగతి వేరు. 1984 నాటి ఐబీఎం ఏటీలో, పాత ప్రోగ్రాములు చెడకుండా ఇరవై ఒకటో చిరునామా తీగను కీబోర్డు కంట్రోలరు ద్వారా మూసిపెట్టారు, ఆ భారం ఇప్పటిదాకా బూట్‌లోడర్లు మోస్తున్నాయి. ఈ యంత్రంలో బయోసే దాన్ని తెరిచి ఇస్తున్నది, కనుక మేము రాసిన తెరిచే కోడు ఇక్కడ ఒక్కసారి కూడా నడవలేదు. నడవని కోడును పరీక్షలో నెగ్గిందని రాసుకోకూడదని, నోటుపుస్తకంలో దాని ఎదురుగా "చూడలేదు" అని రాశాం. దాని కోసం ఇంకా పాతదైన పెంటియం 4 యంత్రం ఒకటి వెతుకుతున్నాను. మీ ఇళ్ల అటకల మీద ఉంటే చెప్పండి, తీసుకుపోవడానికి నేనే వస్తాను.

నోటుపుస్తకం అన్నాను కదా, ఇదిగో అది. ఒక పరీక్షకు ఒక వరుస: తేదీ, బూట్‌లోడర్ సంఖ్య, డిస్కా పెన్ డ్రైవా, చల్లగానా వేడిగానా, రెయిడ్ కార్డు ఉందా, కరెంటు ఎలా ఉంది, సీరియల్‌లో వచ్చిన చివరి అక్షరం ఏది. ఒక వరుసకూ తరువాతి వరుసకూ మధ్య ఒకే ఒక్క గడి మారాలన్నది మేము పెట్టుకున్న కట్టుబాటు. ఆ పదకొండు రోజుల పేజీలను చూస్తే, ఎనిమిదో రోజున ఒకేసారి మూడు గడులు మార్చేశామని కనిపిస్తుంది. ఆ రోజు మేము నేర్చుకున్నది ఏమీ లేదు.

ఇప్పుడు ఈ యంత్రాన్ని మీ ముందు బూట్ చేస్తాను. రెయిడ్ కార్డు లోపలే ఉంది. ఈ లాప్‌టాప్ తెర మీద సీరియల్ నుంచి వచ్చే అక్షరాలు కనిపిస్తాయి, మొదటి వరుసలో 580 రావాలి. కళాశాల వారిని అడిగి సైన్ వేవ్ యూపీఎస్ తెప్పించుకున్నాను, కరెంటు పోయినా భయం లేదు. స్విచ్ వేస్తున్నాను. బయోస్ తన మెమరీ అంతా చూసుకోవడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది, ఈలోగా ఎవరైనా ప్రశ్న అడగదలిస్తే అడగండి.